ఒకే ఆపరేషన్, ఇద్దరు పిచ్చర్లు

బేస్‌బాల్‌లో గాయపడి తిరిగి వచ్చిన పిచ్చర్ల గురించి, అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాళ్ల గురించి, రాసేవాళ్లందరూ ఇంచుమించు ఒకే కథ రాస్తారు. ప్రతిభ ఉన్న కుర్రవాడు, మోచేతిలో ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్ తెగడం, ఏడాదికి పైగా ఒంటరి సాధన, ఎవరూ నమ్మని రోజుల్లో తనను తాను నమ్ముకోవడం, చివరికి పెద్ద మైదానంలో చప్పట్లు. ఆ కథలో చెప్పే కష్టమంతా నిజమే, ఆ కష్టం పడిన మనిషి పట్ల నాకు గౌరవం ఉంది. నా అభ్యంతరమల్లా, అంతే కష్టపడి, అంతే పట్టుదల చూపి, పెద్ద లీగ్‌కు కింద ఉండే మైనర్ లీగ్ మెట్ల మీదే ఆగిపోయినవాళ్లు ఆ లెక్కలోకి రాకపోవడం గురించి. గాయం ఒక పిచ్చర్ ఎదుగుదలను ఎంత దెబ్బతీస్తుందనేది అతడి మనోబలం కన్నా, గాయపడేనాటికి అతడు ఎంత నేర్చుకుని ఉన్నాడు, కోలుకోవడానికి అతడికి ఎంత వ్యవధి ఇచ్చారు అన్న రెండు విషయాల మీదే ఎక్కువగా ఆధారపడుతుందని ఇన్నేళ్లుగా ఈ ఆటను దగ్గరగా చూస్తూ వచ్చిన నాకు గట్టిగా అనిపిస్తోంది. ఒకే సంస్థలో, దాదాపు ఒకే కాలంలో ఎదగడానికి ప్రయత్నించిన ఇద్దరి జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది.

ఆ సంస్థ పిట్స్‌బర్గ్ పైరేట్స్. ఆ ఇద్దరిలో ఒకరు జేమ్సన్ టైయోన్, మరొకరు రింకూ సింగ్. ఇక్కడ చెబుతున్నది ఐపీఎల్‌లో ఆడే రింకూ సింగ్ గురించి కాదు. ఉత్తర ప్రదేశ్‌లోని భదోహీ ప్రాంతంలో ఒక లారీ డ్రైవర్ కుటుంబంలో పుట్టి, జావెలిన్ విసరడం నేర్చుకుని, బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియకుండానే 2008లో మన దేశంలో జరిగిన, బంతిని వేగంగా విసరగలవారిని వెతికే మిలియన్ డాలర్ ఆర్మ్ పోటీలో నెగ్గిన ఎడమచేతి కుర్రవాడి గురించి. టైయోన్ సంగతి ఇందుకు పూర్తిగా వేరు. టెక్సస్‌లోని ద వుడ్‌లాండ్స్ హైస్కూల్లో చదువుతున్నప్పుడే దేశంలోని జట్లన్నీ అతడి మీద కన్నేశాయి. కొత్త ఆటగాళ్లను జట్లు ఏటా వంతులవారీగా, రౌండ్ల చొప్పున ఎంచుకునే పద్ధతిని డ్రాఫ్ట్ అంటారు; 2010 డ్రాఫ్ట్‌లో బ్రైస్ హార్పర్ తర్వాత, మానీ మచాడో కన్నా ముందు, రెండో ఆటగాడిగా పైరేట్స్ అతణ్ణి ఎంచుకుని 65 లక్షల డాలర్ల బోనస్ ఇచ్చింది.

బేస్‌బాల్ అంతగా పరిచయం లేనివారి కోసం ఒక మాట చెప్పాలి. అమెరికాలో మేజర్ లీగ్‌లో ఆడే ప్రతి పెద్ద జట్టుకూ కింద కొన్ని అనుబంధ జట్లు ఉంటాయి, వాటినే మైనర్ లీగ్ జట్లంటారు. రూకీ, సింగిల్-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ అంటూ అవి మెట్లుగా అమరి ఉంటాయి, ఒక్కో మెట్టు ఒక్కో ఊళ్లో ఉంటుంది. పైరేట్స్‌కు ఆ రోజుల్లో వెస్ట్ వర్జీనియా రాష్ట్ర రాజధాని చార్ల్స్‌టన్‌లో సింగిల్-ఎ జట్టు, పెన్సిల్వేనియాలోని ఆల్టూనాలో డబుల్-ఎ జట్టు, ఇండియానాపొలిస్‌లో ట్రిపుల్-ఎ జట్టు ఉండేవి. టైయోన్ 2011లోనూ, సింగ్ 2012లోనూ ఆడింది చార్ల్స్‌టన్‌లోని వెస్ట్ వర్జీనియా పవర్ జట్టుకే.

గాయం సంగతి కొంచెం వివరంగా చెప్పుకోకపోతే తర్వాతి వాదన అందదు. క్రికెట్‌లో ఫాస్ట్ బౌలర్‌ను ఎక్కువగా వేధించేది నడుము. పిచ్చర్‌ను వేధించేది మోచేయి, ఎందుకంటే అతడు చేతిని మోచేతి దగ్గర వంచి విసురుతాడు. కాలు ముందుకు పడి, ఒళ్లు బ్యాటర్ వైపు తిరిగే క్షణంలో ముంజేయి ఇంకా వెనక్కి ఒరిగే ఉంటుంది. ఆ లాగుడును ఆపవలసిన భారంలో పెద్ద వాటా మోచేయి లోపలివైపున ఉండే చిన్న లిగమెంట్ మీద పడుతుంది. అది కొందరికి ఒక్క బంతితో తెగుతుంది, చాలామందికి ఏళ్ల తరబడి పీచుపీచుగా అరిగి ఒకరోజు పనికిరాకుండా పోతుంది. 1974 సెప్టెంబర్ 25న డాక్టర్ ఫ్రాంక్ జోబ్ లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ పిచ్చర్ టామీ జాన్‌కు మొదటిసారి ఆపరేషన్ చేసి, ఆ లిగమెంట్ స్థానంలో ముంజేతి నుంచి తీసిన స్నాయువును అమర్చేదాకా ఈ గాయానికి మందు లేదు. బొటనవేలి కొసను, చిటికెనవేలి కొసను కలిపి మణికట్టును కాస్త లోపలికి వంచి చూడండి. మణికట్టు మధ్యలో తాడులా పైకి లేచి కనబడేదే ఆ స్నాయువు. కొందరికి అది పుట్టుకతోనే ఉండదు, ఉన్నవాళ్లకు కూడా అది తీసేస్తే రోజువారీ పనులకు లోటు రాదు. మోచేతి రెండు వైపుల ఎముకల్లోనూ రంధ్రాలు చేసి, దాన్ని వాటిలోంచి దూర్చి బిగిస్తారు. ఇక ఆ స్నాయువు అక్కడ లిగమెంట్‌గా పనిచేయడం నేర్చుకోవాలి. దానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది, ఎంత డబ్బు పోసినా ఆ వ్యవధి పెద్దగా తగ్గదు. టామీ జాన్ 1975 సీజన్ మొత్తం పోగొట్టుకుని 1976లో తిరిగి వచ్చి, ఆ తర్వాత 164 విజయాలు సాధించాడు (బేస్‌బాల్‌లో జట్టు గెలుపును ఒక పిచ్చర్ పేరున రాస్తారు). ఆపరేషన్‌కు అతడి పేరే స్థిరపడింది.

ఫ్లోరిడాలోని బ్రాడెంటన్‌లో పైరేట్స్ సంస్థకు పైరేట్ సిటీ అనే శిక్షణ కేంద్రం ఉంది. వసంతకాలపు శిక్షణ జరిగే రోజుల్లో అక్కడి వెనుక మైదానాలను తిరిగి చూసే అవకాశం నాకు ఒకసారి కలిగింది. మ్యాచ్ జరుగుతున్న మైదానం చుట్టూ జనం మూగి ఉన్నారు. దానికి దూరంగా, కంచె వారన, ఒక కుర్రవాడు ట్రైనర్‌తో బంతి ఆడుతున్నాడు. మోచేయి లోపలివైపున అంగుళాల పొడవున మచ్చ ఇంకా గులాబి రంగులోనే ఉంది. ఇద్దరి మధ్య దూరం 45 అడుగులు ఉంటుందేమో, పదేళ్ల పిల్లవాడు కూడా విసరగలిగిన దూరం. అతడు ప్రతి బంతినీ ఎంతో జాగ్రత్తగా, సగం బలంతో విసురుతున్నాడు. ట్రైనర్ బంతి అందుకున్న ప్రతిసారీ లెక్క పైకే చెబుతున్నాడు. ఒక సంఖ్య రాగానే ఇద్దరూ ఆపి, నీళ్లు తాగి, కాసేపు నిలబడి, మళ్లీ మొదలుపెట్టారు. 45 అడుగుల నుంచి 60, 90, 120 అడుగులకు వెళ్లి, ఆ తర్వాతే పిచ్చర్ నిలబడి బంతి వేసే మట్టి దిబ్బ ఎక్కి అసలు బంతులు వేయాలి. మధ్యలో ఎక్కడ నొప్పి వచ్చినా కొన్ని అడుగులు వెనక్కి రావాలి. ఆ మైదానం అంచున నేను చూసింది పట్టుదలే, అందులో సందేహం లేదు. కానీ అంత పట్టుదలా ఖర్చవుతున్నది కొత్తది నేర్చుకోవడానికి కాదని, నిరుడు చేయగలిగినదాన్ని మళ్లీ చేయగలగడానికని కూడా నాకు అక్కడే అర్థమైంది.

టైయోన్ ఎదుగుదల మొదట్లో నిదానంగా, జాగ్రత్తగా సాగింది. 2011లో చార్ల్స్‌టన్‌లో 23 మ్యాచ్‌లు ప్రారంభించినా మొత్తం వేసింది 92 ఇన్నింగ్స్ పైచిలుకే (బేస్‌బాల్‌లో మ్యాచ్‌కు తొమ్మిది ఇన్నింగ్స్, ముగ్గురిని ఔట్ చేస్తే పిచ్చర్ ఒక ఇన్నింగ్స్ వేసినట్టు). అంటే మ్యాచ్‌కు నాలుగు ఇన్నింగ్స్ మాత్రమే వేయించి పక్కన కూర్చోబెట్టారు. తర్వాతి రెండేళ్లలో ఆల్టూనా దాటి ఇండియానాపొలిస్ చేరాడు. ఇక పిట్స్‌బర్గ్‌కు పిలుపు రావడమే తరువాయి అనుకుంటున్న 2014 ఏప్రిల్‌లో టామీ జాన్ ఆపరేషన్ అయింది. ఏడాదికి పైగా బ్రాడెంటన్‌లో గడిపి, 2015 వేసవిలో మ్యాచ్‌ల దగ్గరికి వస్తుండగా హెర్నియా బయటపడి ఇంకో ఆపరేషన్ జరిగింది. రెండు సీజన్లు పూర్తిగా పోయాయి. 2016లో ఇండియానాపొలిస్‌లో తిరిగి దిబ్బ ఎక్కినప్పుడు 61 ఇన్నింగ్స్‌కు పైగా వేసి ఆరుగురికి మాత్రమే వాక్ ఇచ్చాడు. ఈ సంఖ్య దగ్గర కాస్త ఆగాలి. వాక్ అంటే నాలుగు బంతులు సరైన చోట పడక బ్యాటర్‌ను ఊరికే బేస్‌కు పంపడం. ఆపరేషన్ నుంచి వచ్చిన పిచ్చర్లకు వేగం ముందు తిరిగి వస్తుంది, బంతిని అనుకున్నచోట వేసే నైపుణ్యం చాలా ఆలస్యంగా వస్తుంది. రెండేళ్లు మ్యాచ్ ఆడనివాడు పది ఇన్నింగ్స్‌కు ఒక్క వాక్ చొప్పున ఇవ్వడమంటే, చేతికి ఆ విద్య గాయానికి ముందే అంత లోతుగా పట్టుబడి ఉందన్నమాట. జూన్ 8న న్యూయార్క్ మెట్స్ మీద పిట్స్‌బర్గ్ జట్టులో అరంగేట్రం చేశాడు, ఆరు రోజుల తర్వాత అదే జట్టు మీద ఏడో ఇన్నింగ్స్ దాకా ఒక్క హిట్ కూడా, అంటే బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరే అవకాశం, ఇవ్వలేదు.

కష్టాలు అక్కడితో ఆగలేదు. 2017 మేలో వృషణ క్యాన్సర్ అని తేలి ఆపరేషన్ జరిగింది. దాదాపు అయిదు వారాల్లోనే జూన్ 12న కొలరాడో జట్టు మీద అయిదు ఇన్నింగ్స్ పరుగు ఇవ్వకుండా వేశాడు. 2018లో 191 ఇన్నింగ్స్ వేసి 14 మ్యాచ్‌లు గెలిచాడు. 2019 ఆగస్టులో మోచేతికి రెండోసారి ఆపరేషన్ అయింది. 2021లో యాంకీస్ జట్టుతో తిరిగి వచ్చాడు, 2022 చివర్లో చికాగో కబ్స్ నాలుగేళ్లకు 6 కోట్ల 80 లక్షల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. ఈ మనిషి ధైర్యాన్ని తక్కువ చేయడానికి నాకు నోరు రాదు.

ఇప్పుడు రింకూ సింగ్ దగ్గరికి వద్దాం. పోటీలో అతడి బంతి గంటకు 87 మైళ్లు, అంటే సుమారు 140 కిలోమీటర్ల వేగం అందుకుంది. దినేశ్ పటేల్ అనే మరో కుర్రవాడితో కలిపి అతణ్ణి లాస్ ఏంజిలిస్ తీసుకువెళ్లి, టామ్ హౌస్ అనే కోచ్ దగ్గర శిక్షణ ఇప్పించారు. 2008 నవంబర్‌లో పైరేట్స్ ఇద్దరితోనూ ఒప్పందం చేసుకుంది. అప్పటికి ఇద్దరూ గ్లవ్ తొడుక్కోవడం నేర్చుకుని ఏడాది కూడా కాలేదు. ఇంగ్లీషు నేర్చుకోవాలి, తిండి అలవాటు చేసుకోవాలి, ఆట నియమాలు నేర్చుకోవాలి, రన్నర్ బేస్ మీద ఉన్నప్పుడు ఎటు చూడాలో నేర్చుకోవాలి. 2009 జూలై 13న రూకీ మెట్టులోని గల్ఫ్ కోస్ట్ లీగ్‌లో సింగ్ ఒక మ్యాచ్ గెలిచి, అమెరికాలో ప్రొఫెషనల్ బేస్‌బాల్ మ్యాచ్ గెలిచిన మొదటి భారతీయ పౌరుడయ్యాడు. పటేల్‌ను 2010 చివర్లో సంస్థ వదిలేసింది. సింగ్ మాత్రం పెన్సిల్వేనియాలోని స్టేట్ కాలేజ్ అనే ఊరి స్పైక్స్ జట్టు మీదుగా చార్ల్స్‌టన్ చేరాడు, అమెరికాలో చలికాలం వచ్చి ఆట ఆగినప్పుడు ఆస్ట్రేలియా వెళ్లి కాన్‌బెర్రా జట్టుకు ఆడాడు. 2012లో సీజన్ అంతా వెస్ట్ వర్జీనియా పవర్ జట్టుతో ఉండి 72 ఇన్నింగ్స్ వేశాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చింది సగటున మూడు పరుగులు. జన్మలో బేస్‌బాల్ చూడని మనిషి నాలుగేళ్లలో ఇక్కడిదాకా రావడం, నా దృష్టిలో, టైయోన్ సాధించినదాని కన్నా ఏ మాత్రం తక్కువ విషయం కాదు.

2013లో అతడి మోచేతికి అదే ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత అతడు లీగ్ మ్యాచ్‌లో మళ్లీ బంతి వేయలేదు. సంస్థ వెంటనే చేతులు దులుపుకోలేదు, ఆ మాట న్యాయంగా చెప్పుకోవాలి. కానీ కోలుకునే క్రమం ఎప్పటికప్పుడు వెనక్కి తగ్గుతూ వచ్చింది, ఏళ్లు గడిచాయి, 2018 జనవరిలో అతడు డబ్ల్యుడబ్ల్యుఈలో చేరి కుస్తీ వైపు వెళ్లిపోయాడు.

ఇద్దరిలో పట్టుదల ఎవరికి ఎక్కువ అని అడిగితే నేను జవాబు చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. వయసులు చూడండి. ఆపరేషన్ నాటికి టైయోన్‌కు 22 ఏళ్లు, అప్పటికే అతడు పై నుంచి రెండో మెట్టు మీద ఉన్నాడు, చిన్నప్పటి నుంచి బంతి వేస్తూ పెరిగిన చెయ్యి అది. సింగ్‌కు 25 నిండబోతున్నాయి, ఉన్నది కింది మెట్టు మీద, ఆట పట్టి అయిదేళ్లే. రెండు సీజన్లు పోతే టైయోన్ 24 ఏళ్ల వయసులో తిరిగి వచ్చి, మరచిపోనిదాన్ని మళ్లీ చేశాడు. సింగ్ అంతే వ్యవధిలో తిరిగి వచ్చినా 27కు దగ్గరపడినవాడై, 20 ఏళ్ల కుర్రాళ్ల మధ్య, ఇంకా నేర్చుకోవలసిన సగం ఆటతో నిలబడేవాడు. అతడికి గాయం కావడం అక్షరాలు దిద్దుతున్నవాడి చేతిలోంచి పలక లాక్కోవడంతో సమానం. అందువల్ల ఒకే గాయమని, ఒకే ఆపరేషన్ అని, ఇద్దరికీ ఒకే వ్యవధి ఇస్తే సమాన న్యాయం జరిగినట్టే అని వాదించేవారితో నేను ఏకీభవించలేను. ఆలస్యంగా మొదలుపెట్టినవాడి దగ్గర గాయం తీసుకుపోయేది నేర్చుకునే కాలాన్ని, దాన్ని ఏ ట్రైనరూ తిరిగి ఇవ్వలేడు.

దీనికి బలమైన ఎదురువాదన ఒకటి ఉంది, దాన్ని దాటవేయకూడదు. గాయాలే టైయోన్‌ను మెరుగైన పిచ్చర్‌గా మార్చాయని అంటారు. 2018 సీజన్ మధ్యలో అతడు స్లైడర్ అనే కొత్త బంతిని నేర్చుకున్న మాట నిజం. రెండో ఆపరేషన్ తర్వాత చేయి వెనక్కి తిప్పే చుట్టును కుదించి, కాళ్ల బలం ఎక్కువగా వాడుకునేలా తన విసురు మొత్తాన్ని కొత్తగా కట్టుకున్న మాట ఇంకా నిజం. ఆపరేషన్ బల్ల ఎక్కకపోతే ఆ మార్పుకు సాహసించి ఉండేవాడు కాదేమో. అయితే ఆ పని అతడు ఏ పరిస్థితుల్లో చేశాడో చూడాలి. అప్పటికి అతడు మేజర్ లీగ్ ఆటగాడు, జీతం వస్తోంది, ప్రపంచంలోని మంచి వైద్యులు అందుబాటులో ఉన్నారు, ఎదురుచూసేందుకు జట్లు సిద్ధంగా ఉన్నాయి. సంస్థ 65 లక్షలు పెట్టిన కుర్రవాడికి మొదటి గాయం నాడు కూడా ఓపికకు లోటు ఉండదు. డ్రాఫ్ట్ చివరి రౌండ్లలో కొన్ని వేల డాలర్లకు వచ్చినవాడి మోచేయి తెగితే, ఆ చెయ్యి కోలుకునేలోపే వచ్చే డ్రాఫ్ట్‌లో అతడి స్థానానికి ఇంకో కుర్రవాడు వస్తాడు. కష్టం మనిషిని మలుస్తుందనేది, కష్టం తర్వాత నిలబడడానికి చోటు దొరికినవాడి విషయంలోనే నిజమవుతుంది.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. 2023కు ముందు సింగిల్-ఎ ఆటగాడి కనీస సంపాదన ఏడాదికి 11,000 డాలర్లు ఉండేది, డబుల్-ఎలో 13,800. వేసవి అయ్యాక కొరియర్ బట్వాడా చేసో, పిల్లలకు పాఠాలు చెప్పో బతికేవాళ్లు. ఆపరేషన్ ఖర్చు సంస్థే భరించినా, ఏడాదిన్నర పాటు సరిగ్గా తిని, సరిగ్గా నిద్రపోయి, రోజూ సాధన చేయవలసిన శరీరానికి ఆ జీతం చాలదు. 2022లో మైనర్ లీగ్ ఆటగాళ్లు మేజర్ లీగ్ ఆటగాళ్ల సంఘంలో చేరి, 2023 మార్చిలో చరిత్రలో మొదటిసారి ఉమ్మడి ఒప్పందం సాధించుకున్నాక కనీస జీతం సింగిల్-ఎలో 26,200, డబుల్-ఎలో 30,250, ట్రిపుల్-ఎలో 35,800 డాలర్లకు పెరిగింది. పిచ్చర్ల మోచేతుల గురించి ఎన్నో కొత్త యంత్రాలు వచ్చాయి, కానీ వాళ్లు కోలుకోవడానికి ఈ దశాబ్దంలో జరిగిన అతి పెద్ద మేలు ఈ జీతాల పెంపే అని నా నమ్మకం.

ఇంతకీ ఇన్ని మోచేతులు ఎందుకు తెగుతున్నాయి? మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థే 2024 డిసెంబర్‌లో ఒక నివేదిక ప్రచురించి, వేగం కోసం వెంపర్లాట, బంతి మెలికల కోసం వెంపర్లాట, ప్రతి బంతినీ పూర్తి బలంతో వేయడం అనే మూడింటిని ముఖ్య కారణాలుగా చూపింది. 2008లో మేజర్ లీగ్‌లో ఫాస్ట్‌బాల్ సగటు వేగం గంటకు 91.3 మైళ్లు, 2024లో 94.2. పెద్ద, చిన్న లీగ్‌లలో కలిపి టామీ జాన్ ఆపరేషన్లు 2010లో 104 ఉంటే 2024లో 281. మైనర్ లీగ్ కుర్రవాడికి ఇది చదివితే ఏం లాభం? గంటకు 90 మైళ్లతో తెలివిగా వేసేవాణ్ణి పైకి పిలవరు, 97తో అడ్డదిడ్డంగా వేసేవాణ్ణి పిలుస్తారు. చెయ్యి తెగుతుందని తెలిసీ వేగం పెంచుకోవడం అతడి దృష్టిలో మూర్ఖత్వం కాదు, ఉద్యోగ ప్రయత్నం.

ఈ ధోరణి ఇప్పుడు మనవాళ్ల ఇళ్లలోకి కూడా వచ్చింది కాబట్టే నాకు ఇంత ఆవేదన. అమెరికా శివారు పట్టణాల్లో తెలుగు పిల్లలు బేస్‌బాల్ ఆడటం ఇప్పుడు మామూలు విషయం. శనివారం మ్యాచ్‌లో కంచె వెనక ఒక తండ్రి స్పీడ్ గన్ పట్టుకుని కూర్చుంటాడు. "మావాడు అరవై మైళ్లు దాటాడు అన్నయ్యా, ఈ చలికాలం వెయిటెడ్ బాల్ ట్రెయినింగ్‌లో, అదే బరువు బంతుల సాధనలో, చేర్పిస్తున్నా" అని పదకొండేళ్ల పిల్లవాడి గురించి ఆనందంగా చెబుతాడు. ఆ ఆనందం నాకు అర్థమవుతుంది. కానీ మేజర్ లీగ్, యూఎస్‌ఏ బేస్‌బాల్ సంస్థలు కలిసి ఇచ్చిన పిచ్ స్మార్ట్ సూచనల్లో పదకొండు, పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 85 బంతులే గరిష్ఠమని, ఏడాదిలో కనీసం నాలుగు నెలలు పిచ్చింగ్‌కు పూర్తి విశ్రాంతి ఇవ్వాలని స్పష్టంగా ఉంది. ఇది తెలిసిన తల్లిదండ్రులు నాకు అరుదుగా కనబడ్డారు. మైనర్ లీగ్‌లో 21 ఏళ్లకు తెగే లిగమెంట్ అరగడం చాలాసార్లు ఇలాంటి శనివారాల్లోనే మొదలవుతుంది.

సంస్థలు చేయగలిగినవి ఉన్నాయి. మైనర్ లీగ్ పిచ్చర్‌కు ఆపరేషన్ అయితే, అతడు దిబ్బ మీదికి తిరిగి వచ్చి ఒక నిర్ణీత సంఖ్యలో మ్యాచ్ ఇన్నింగ్స్ వేసేదాకా అతణ్ణి వదిలేయకూడదన్న నిబంధన వచ్చే ఒప్పందంలో ఉండాలి. ఆ సంఖ్య, బేస్‌బాల్‌లో కొత్తగా అడుగుపెట్టినవారికి ఇంకా ఎక్కువ ఉండాలి, ఎందుకంటే వాళ్లు కోలుకోవడంతో పాటు నేర్చుకోవాలి కూడా. వాస్తవంలో జరుగుతున్నది దీనికి విరుద్ధం. ఒకప్పుడు 40 రౌండ్లు ఉండే డ్రాఫ్ట్ 2021 నుంచి 20 రౌండ్లయింది. అదే ఏడాది అనుబంధ మైనర్ లీగ్ జట్లను 120కి కుదించారు. ఒక్కో సంస్థ సీజన్‌లో తన దగ్గర ఉంచుకోగల దేశీయ మైనర్ లీగ్ ఆటగాళ్ల పరిమితి 2024లో 180 నుంచి 165కు తగ్గింది. జీతాలు పెంచిన ఒప్పందంలోనే ఈ కోత కూడా ఉంది. రింకూ సింగ్ ఆడిన స్టేట్ కాలేజ్ జట్టు ఇప్పుడు డ్రాఫ్ట్‌కు ముందు విద్యార్థులు ఆడుకునే లీగ్‌లో ఉంది. అతడూ టైయోనూ ఆడిన చార్ల్స్‌టన్ జట్టుకు మేజర్ లీగ్ సంబంధం తెగిపోయి, పేరు మారి, స్వతంత్ర లీగ్‌లో కొనసాగుతోంది. ఈ రోజు భదోహీ నుంచి గానీ, బాపట్ల నుంచి గానీ ఇరవై ఏళ్ల కుర్రవాడు ఒకడు ఎడమచేత్తో గంటకు 87 మైళ్ల బంతి వేస్తే, అతణ్ణి నాలుగేళ్లు ఉంచి నేర్పే జట్టు దొరకడం 2008లో కన్నా కష్టం, మోచేయి తెగాక ఉంచుకునే జట్టు దొరకడం మరీ కష్టం.